డిజిటల్ కార్డు ఆటలో మొదటి డెక్ కట్టుకోవడం: విశాఖలో కొత్త ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో మేము కొందరం ఆదివారం సాయంత్రాలు బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుని ఫోన్లలో కార్డు ఆటలు ఆడుతుంటాము. కొత్తగా వచ్చి చేరేవారు యూనివర్సిటీ హాస్టల్ విద్యార్థులైనా, గాజువాక వైపు నుంచి షిఫ్టు ముగించుకుని వచ్చే ఉద్యోగులైనా, అడిగే సందేహాలు మాత్రం ఇంచుమించు అవే. చేతిలోని మురీ మిక్చర్ మెత్తబడేలోగా అన్నింటికీ జవాబు చెప్పడం కుదరడం లేదు కనుక వాటిని దశలవారీగా ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరకు వారు నేరుగా వెళ్లవచ్చు. శాతాలన్నీ కాగితం మీద లెక్క కట్టినవి. ఏ కార్డు ఉంచాలి, ఏది తీయాలి అన్న మాటలు మాత్రం నా అభిప్రాయాలు.

## మొదలుపెట్టే ముందు

పేకాటలో కట్ట ఉంటుంది కదా, ఇక్కడ డెక్‌ను మనం "కట్టడం" ఏమిటి?

రమ్మీలో కట్ట అందరికీ ఒకటే. దాన్ని కలిపి పంచిన తరువాత ఎవరి చేతికి ఏ ముక్క వస్తే దానితోనే నెట్టుకురావాలి. ట్రేడింగ్ కార్డు ఆటలో ఎవరి కట్ట వారిదే. వందల, వేల కార్డుల్లోంచి నియమాలు అనుమతించినన్ని ఏరి ఆటకు ముందే సిద్ధం చేసుకుంటారు, ఎదుటివారు కూడా అదే పని చేసి వస్తారు, ఆ రెండు కట్టలూ తలపడతాయి. 1993లో అమెరికాలో వచ్చిన మ్యాజిక్: ద గ్యాదరింగ్ ఈ పద్ధతికి ఆద్యం. పంపకంలో అదృష్టం ఇక్కడా ఉంటుంది, అయితే ఆ అదృష్టం ఏ కార్డుల మధ్య తిరగాలో నిర్ణయించేది మీరే.

ఒక్కో ఆటలో డెక్‌కు ఎన్ని కార్డులు కావాలి?

పోకేమాన్ టీసీజీ పాకెట్‌లో సరిగ్గా 20 కార్డులు, ఒకే పేరున్నవి 2కు మించకూడదు. హార్త్‌స్టోన్‌లో సాధారణంగా 30, ఒక్కో కార్డు 2 దాకా, లెజెండరీ (అన్నింటికంటే అరుదైన రకం) అయితే ఒక్కటే. మార్వెల్ స్నాప్‌లో 12, అన్నీ వేర్వేరుగా ఉండాలి. మ్యాజిక్ అరీనాలో స్టాండర్డ్ వంటి ఫార్మాట్లకు (ఏ కార్డులు చెల్లుతాయో చెప్పే ఆట పద్ధతులకు) కనీసం 60. బేసిక్ ల్యాండ్లు (మిగతా కార్డులు ఆడటానికి శక్తినిచ్చేవి) తప్ప ఏ కార్డైనా 4 దాకా. యు-గి-ఓ మాస్టర్ డ్యూయల్‌లో ప్రధాన డెక్ 40 నుంచి 60 వరకు, ఒక్కో కార్డు 3 దాకా, దానికి తోడు 15 కార్డుల వరకు ఎక్స్‌ట్రా డెక్.

ఇన్ని ఆటలున్నాయి, కొత్తవాళ్లం దేనితో మొదలుపెట్టాలి?

డెక్ కట్టడం నేర్చుకోవడమే మీ ఉద్దేశమైతే చిన్న డెక్ ఉన్న ఆటతో మొదలుపెట్టండి. 20 కార్డుల్లో ఒకటి మార్చితే తేడా అదే సాయంత్రం కనబడుతుంది. 60 కార్డుల్లో ఒకటి మార్చితే దాని ఫలితం తెలియడానికి వారం పట్టవచ్చు. అందువల్ల పాకెట్ గాని స్నాప్ గాని మొదట సరిపోతాయి. స్నాప్‌లో ఒక ఆట మామూలుగా 6 వంతుల్లో ముగుస్తుంది కాబట్టి మధురవాడ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ చేరేలోగా బస్సులోనే అయిదారు ఆటలు ఆడేయవచ్చు. మాస్టర్ డ్యూయల్ అద్భుతమైన ఆటే గాని, ఎదుటివారి ఒక్క వంతు ముగిసేసరికి మీ టీ చల్లారిపోతుంది. దానితో మొదలుపెట్టినవారిలో సగం మంది మా గోడ మీద రెండో ఆదివారం కనబడలేదు.

ఈ ఆటలేవీ తెలుగులో లేవు. ఇంగ్లీషు అంతంత మాత్రమే, ఆడగలనా?

ఆడగలరు. కార్డుల మీద భాష ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటుంది, మహా అయితే యాభై మాటలు తిరిగి తిరిగి వస్తాయి. వాటిలో చిన్న మాటల దగ్గరే కొత్తవారు బోల్తా పడతారు. "మే" అని ఉంటే ఆ పని చేయడం మీ ఇష్టం. ఆ మాట లేకపోతే చేసి తీరాలి. "అప్ టు 2" అంటే రెండు దాకా, ఒకటైనా సరే. "ఈచ్" అంటే ఒక్కోదానికి విడివిడిగా లెక్క. "ర్యాండమ్" అని ఉంటే ఎంపిక మీ చేతిలో లేదు. ఈ నాలుగూ పట్టుబడితే మిగతావి ఆటలో చూస్తూ చూస్తూ అలవాటవుతాయి.

ఇంట్లో దీన్ని పేకాట అంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది నిషేధం కాదా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పందెంగా ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీ, పోకర్ వంటి ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలనే నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌నూ సోషల్ గేమ్‌లనూ వేరుగా చూసింది. హార్త్‌స్టోన్, పాకెట్ వంటి వాటిలో పందెం కాసి డబ్బు గెలుచుకోవడం అన్నది లేదు. అయినా పెద్దల భయాన్ని కొట్టిపారేయకండి: ప్యాకెట్‌లో ఏ కార్డు వస్తుందో తెలియకుండా డబ్బు పెట్టడంలో పేకాట రుచి కొంత ఉన్న మాట నిజమే.

## మొదటి డెక్ కట్టేటప్పుడు

నా దగ్గరున్న బలమైన కార్డులన్నీ కలిపి పెడితే సరిపోదా?

సరిపోదు, మా దగ్గరకు వచ్చే డెక్‌లలో పదింటికి ఎనిమిది ఇలాగే ఉంటాయి. ఒక్కో కార్డును విడిగా చూస్తే దాని బలం కనబడుతుంది, కానీ ఆటలో అది విడిగా రాదు. పక్కనున్న కార్డులతోనే వస్తుంది. పాకెట్‌లో ముందు నిలబడి పోరాడే పోకేమాన్ ఒకటే, మిగతావి దాని వెనక వేచి ఉండే చోటు బెంచి. అందులో పికాచు ఈఎక్స్‌నే (ఈఎక్స్ అంటే మామూలువాటికంటే బలమైన రకం) తీసుకోండి. దాని "సర్కిల్ సర్క్యూట్" దెబ్బ, బెంచి మీదున్న ఒక్కో మెరుపు రకం పోకేమాన్‌కు 30 చొప్పున లెక్క. బెంచిలో మూడు చోట్లే ఉంటాయి కాబట్టి అత్యధికం 90. బెంచి మీద మీకెంతో ఇష్టమైన మ్యూటూ ఈఎక్స్‌ను కూర్చోబెట్టారనుకుందాము. అది మెరుపు రకం కాదు గనుక దెబ్బ 60కి పడిపోతుంది, పైగా మ్యూటూ తన దాడి కోసం సైకిక్ రకం ఎనర్జీ (దాడికి కావలసిన ఇంధనం) అడుగుతూ కూర్చుంటుంది. రెండు గొప్ప కార్డులు కలిసి ఒక బలహీనమైన డెక్ తయారైంది. అందుచేత ఏ కార్డునైనా పెట్టే ముందు, అది గొప్పదా అని అడగడం మాని, ఈ డెక్ గెలిచే దారిలో దీని పని ఏమిటి అని అడగండి. పని చెప్పలేకపోతే, అది ఎంత మెరిసేదైనా, బయటే ఉండాలి. పోగేయడం అందరికీ వస్తుంది, తీసేయడం దగ్గరే చెయ్యి ఆగిపోతుంది.

మరి మొదటి కార్డు ఏది పెట్టాలి? వరస ఏమిటి?

ఆటను ముగించే కార్డును మొదట ఎంచుకోండి, తరువాత దానికి ఏం కావాలో దాన్నే అడుగుతూ వెళ్లండి. 2024 అక్టోబరు 30న పాకెట్‌తో పాటే వచ్చిన జెనెటిక్ ఏపెక్స్ సెట్ (ఒకేసారి విడుదలైన కార్డుల సముదాయం) కార్డులతో ఒక డెక్‌ను ఇలా కట్టి చూపిస్తాను. తరువాతి సెట్లలో దీన్ని మించినవి వచ్చాయి గాని, నేర్చుకోవడానికి ఇంత స్పష్టమైనది నాకు ఇంకోటి దొరకలేదు.

ముగించేది పికాచు ఈఎక్స్, అది 2. దానికి బెంచి నిండాలి, అదీ మెరుపు రకంతోనే, అదీ త్వరగా. కాబట్టి నేరుగా బెంచి మీద పెట్టగల బేసిక్‌గా జాప్డోస్ ఈఎక్స్ 2. ఇంకో చోటు నింపడానికి వోల్టార్బ్ 2, అది ఎదిగితే ఎలక్ట్రోడ్ 2. ఎలక్ట్రోడ్‌కు వెనక్కి తప్పుకోవడానికి ఎనర్జీ ఖర్చు లేదు, కాబట్టి ముందు నిలబడి దెబ్బలు కాచి పికాచుకు చోటిస్తుంది. ఎనిమిది అయ్యాయి. ఇవన్నీ చేతికి రావాలంటే డెక్ త్వరగా తిరగాలి: రెండు కార్డులు తీయించే ప్రొఫెసర్స్ రీసెర్చ్ 2, డెక్‌లోంచి ఏదో ఒక బేసిక్‌ను చేతికి తెచ్చే పోకే బాల్ 2. ఇక మిగిలిన ఎనిమిదిలో ఎదుటివారి ముందున్న పోకేమాన్‌ను బెంచికి పంపే సబ్రినా 2, ఆ వంతుకు దెబ్బను 10 పెంచే జియోవాని 2, వెనక్కి తప్పుకునే ఖర్చును 1 తగ్గించే ఎక్స్ స్పీడ్ 2, గాయం 20 మాన్పే పోషన్ 2. మొత్తం 20.

ఇందులో ఒక చిక్కును గమనించండి. ప్రొఫెసర్స్ రీసెర్చ్, సబ్రినా, జియోవాని ముగ్గురూ సపోర్టర్లే, అంటే సాయం చేసే మనుషుల కార్డులే, వంతుకు ఒక్క సపోర్టర్‌నే వాడనిస్తారు. ఆరుగురు ఉంటే ఇప్పటికే నిండుగా ఉన్నట్టు. ఏడో, ఎనిమిదో సపోర్టర్ పెట్టినవారి చేతిలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుంటారు, పని చేసేది ఒక్కరే.

రెండు రకాల ఎనర్జీ పెట్టుకుంటే ఎవరినైనా ఎదుర్కోవచ్చు కదా?

పాకెట్‌లో ఎనర్జీ కార్డులు ఉండవు. మీరు డెక్‌కు ఎంచిన రకాల్లోంచి వంతుకు ఒకటి ఆటే ఇస్తుంది. రెండు రకాలు ఎంచితే ఏది వస్తుందో బొమ్మా బొరుసే. దాడికి రెండు మెరుపు ఎనర్జీలు కావాలనుకుంటే, ఒకే రకం ఎంచినవారికి మొదటి రెండు ఎనర్జీలతోనే పని అయిపోతుంది. రెండు రకాలు ఎంచినవారికి అలా జరిగే అవకాశం నాలుగింట ఒకటే. పైగా ముందు ఆడేవారికి మొదటి వంతులో ఎనర్జీయే రాదు. మొదటి నెల ఒకే రకంతో ఆడండి.

కనీసం 40 అన్నారు, నేను 60 పెట్టాను. ఎక్కువుంటే మంచిదే కదా?

మాస్టర్ డ్యూయల్‌లో మొదట చేతికి 5 కార్డులు వస్తాయి. మీకు ముఖ్యమైన కార్డు 3 ప్రతులు పెట్టారనుకుంటే, 40 కార్డుల డెక్‌లో అది మొదటి చేతిలోనే కనబడే అవకాశం 34 శాతం. 60 కార్డుల డెక్‌లో 23 శాతం. మీరు చేర్చిన ఆ 20 కార్డులూ మీ మంచి కార్డుకు అడ్డంగా క్యూలో నిలబడ్డాయన్నమాట. చేతితిరిగినవారు కొందరు 60 పెట్టి ఆడే డెక్‌లు లేకపోలేదు, వాటికి వేరే కారణాలుంటాయి. కొత్తవారు ఏ ఆటలోనైనా కనీస సంఖ్య దగ్గరే ఆగడం మంచిది.

ఒక కార్డు ఒకటే పెట్టాలా, రెండు పెట్టాలా?

ప్రతి ఆటలో చూడాలనుకునేది అనుమతించినన్ని పెట్టండి. ఎప్పుడైనా ఒకసారి పనికొచ్చేది ఒకటి చాలు. 20 కార్డుల డెక్‌లో 8 కార్డులు చూసేసరికి, రెండు ప్రతులున్న కార్డు చేతికి వచ్చి ఉండే అవకాశం 65 శాతం, ఒక్క ప్రతి ఉంటే 40 శాతం.

చార్మాండర్ నుంచి చారిజార్డ్ దాకా ఎదగడం నాకు ఎప్పుడూ కుదరడం లేదు. ఏం తప్పు చేస్తున్నాను?

తప్పు మీ ఆటలో కంటే లెక్కలో ఉంది. పాకెట్‌లో చార్మాండర్, చార్మీలియన్, చారిజార్డ్ ఈఎక్స్ రెండేసి పెట్టారనుకుందాము. మీ మూడో వంతుకు మొదటి 5, తరువాత తీసిన 3 కలిపి 8 కార్డులు చూసి ఉంటారు. ఆ ఎనిమిదిలో మూడు మెట్లూ కనీసం ఒక్కోటి ఉండే అవకాశం, అదనంగా తీయించే కార్డులను లెక్కలోకి తీసుకోకపోతే, సుమారు 24 శాతం. రెండు మెట్ల వరసకైతే అదే 41 శాతం. మొదటి చేతిలో ఒక బేసిక్ తప్పక ఇస్తారు కాబట్టి అసలు సంఖ్యలు దీనికి కొంచెం అటూ ఇటూ ఉంటాయి గాని, పాఠం మారదు: మూడు మెట్ల డెక్ కట్టేవారు ఆరు కార్డులు ఆ వరసకే ఇచ్చి, ఇంకో మూడు మెట్ల వరస జోలికి పోకుండా, మిగతా చోటంతా డెక్‌ను త్వరగా తిప్పే కార్డులకు కేటాయించాలి. మధ్య మెట్టును దాటించే రేర్ క్యాండీ దొరికితే పెట్టుకోండి. చారిజార్డ్ వచ్చేదాకా ముందు నిలబడి కాచే బేసిక్ ఒకటి కూడా అవసరం, ఎందుకంటే ముందున్నది పడిపోయినప్పుడు బెంచి ఖాళీగా ఉంటే ఆట అక్కడికక్కడే ముగిసిపోతుంది.

మానా కర్వ్ అని అందరూ అంటారు, అదేమిటి?

మానా అంటే కార్డు ఆడటానికి ఖర్చు పెట్టే శక్తి. హార్త్‌స్టోన్‌లో మొదటి వంతుకు 1 మానా, రెండో వంతుకు 2, అలా పదో వంతుకు 10 వస్తాయి. వాడని మానా మరుసటి వంతుకు మిగలదు. కాబట్టి ప్రతి వంతులోనూ ఉన్న మానా అంతా ఖర్చయ్యేలా కార్డుల ధరలు అమరాలి. ఒకే ధర ఉన్న కార్డులను ఒక నిలువు వరుసగా పేర్చుకుంటూ పోతే, ఎడమవైపు ఎత్తుగా లేచి కుడివైపు వాలిపోయే ఆకారం కనబడాలి. కైలాసగిరి సముద్రం వైపు దిగినట్టు అని మా వాళ్లు అంటుంటారు. కొత్తవారికి నేను చెప్పే కొలత: 30 కార్డుల్లో 1, 2 మానావి 12, 3, 4 మానావి 10, 5, 6 మానావి 5, 7 ఆపైన 3. ఇది శాసనమేమీ కాదు. త్వరగా గెలవాలనుకునేవారు ఇంకా ఎడమకు జరుగుతారు, ఎదుటివారిని అడ్డుకుంటూ నెమ్మదిగా గెలిచేవారు కుడికి జరుగుతారు. పెద్ద కార్డులు ఎనిమిదీ పదీ పెట్టి, నాలుగో వంతుకే ఓడిపోయి, చేతినిండా రాజులతో కూర్చున్నవారిని మాత్రం చాలామందిని చూశాను.

మ్యాజిక్ అరీనాలో ల్యాండ్లు తగ్గించి మంచి కార్డులు పెంచుకోవచ్చా?

అన్నం తగ్గించి కూరలు పెంచినట్టు ఉంటుంది, ఇక్కడ మానా ఇచ్చేవి ల్యాండ్లే. 60 కార్డుల డెక్‌కు 24 ల్యాండ్లు, 40 కార్డుల డ్రాఫ్ట్ డెక్‌కు (అప్పటికప్పుడు ప్యాకెట్లలోంచి ఏరి కట్టేదానికి) 17 అన్నవి చాలాకాలంగా నిలిచిన కొలతలు. ముందు ఆడేవారు నాలుగో వంతుకు 10 కార్డులు చూస్తారు. 24 ల్యాండ్లుంటే అందులో సగటున సరిగ్గా 4 ల్యాండ్లు, 20 ఉంటే 3.3. అంటే నాలుగు మానా కార్డు నాలుగో వంతులో ఆడాలనుకునేవారికి 24 అన్నది దుబారా కాదు, సరిపోయినంతే. డెక్ అంతా చవక కార్డులైతే 20, 22 దాకా దిగవచ్చు.

మార్వెల్ స్నాప్‌లో 12 కార్డులే, అయినా నా కాంబో (కలిసి పనిచేసే కార్డుల జత) పడటం లేదెందుకు?

మొదట 3, తరువాత వంతుకు ఒకటి చొప్పున ఆరో వంతుకు 9 కార్డులు చూస్తారు. అంటే ఏ ఒక్క కార్డైనా అప్పటికి చేతికి వచ్చే అవకాశం 75 శాతం. రెండు నిర్దిష్టమైన కార్డులూ వచ్చే అవకాశం 55 శాతానికి కాస్త తక్కువ. రెండు కార్డుల జత మీదే ఆధారపడితే దాదాపు సగం ఆటల్లో ఆ జత ఉండదు. జత కుదరనప్పుడు గెలిచే రెండో దారి ఒకటి ఆ పన్నెండులోనే ఉంచుకోండి.

ఇంటర్నెట్‌లో దొరికే డెక్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేస్తే తప్పా?

తప్పేమీ లేదు, నేర్చుకోవడానికి అదే దగ్గర దారి. హార్త్‌స్టోన్, అరీనా వంటివాటిలో డెక్ వివరాలను కాపీ చేసి ఆటలో అతికిస్తే జాబితా అంతా వచ్చేస్తుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, లేని కార్డుల స్థానంలో చేతికి దొరికినవి పెట్టినప్పుడు. లేని కార్డు ఏ పని చేస్తోందో చూసి, ఆ పనే చేసే మరో కార్డును, వీలైతే అదే ధరలో ఉన్నదాన్ని పెట్టండి. ఎదుటివారి కార్డును తొలగించే 3 మానా కార్డు లేకపోతే తొలగించే ఇంకో చవక కార్డు పెట్టాలి, 8 మానా డ్రాగన్‌ను కాదు.

## కార్డులు, ఖర్చు

డబ్బు పెట్టకుండా డెక్ పూర్తవుతుందా?

అవుతుంది, ఓపిక కావాలి. పాకెట్‌లో 12 గంటలకు ఒకటి చొప్పున రోజుకు రెండు ప్యాకెట్లు ఉచితంగా తెరవవచ్చు. ఒక్కో ప్యాకెట్‌కు 5 ప్యాక్ పాయింట్లు జమవుతాయి. నాలుగు డైమండ్ల (డైమండ్లు అరుదుదనానికి గుర్తు) ఈఎక్స్ కార్డును నేరుగా తీసుకోవాలంటే 500 పాయింట్లు కావాలి. అంటే 100 ప్యాకెట్లు, ఉచితమైనవి మాత్రమే తెరిస్తే 50 రోజులు. ఈలోగా ఆ కార్డు ప్యాకెట్‌లోనే వచ్చినా రావచ్చు. ఒక సెట్ పాయింట్లు ఇంకో సెట్‌కు పనికిరావు కాబట్టి, ఇవాళ ఇది రేపు అది అంటూ తెరవకుండా, మీ డెక్ ఏ సెట్‌లో ఉందో దానికే కట్టుబడి ఉండండి. ఒక డైమండ్ కార్డుకు 35 పాయింట్లే కాబట్టి మామూలు కార్డుల కొరత పెద్ద సమస్య కాదు.

వాడని కార్డులు పగలగొట్టి కావలసినవి చేసుకోవచ్చా?

కొన్ని ఆటల్లో వీలుంది, మారకం మాత్రం మీకు నష్టంగానే ఉంటుంది. హార్త్‌స్టోన్‌లో లెజెండరీ చేయడానికి 1600 డస్ట్ (కార్డులు పగలగొడితే వచ్చే పొడి) కావాలి, పగలగొడితే వచ్చేది 400; కామన్ కార్డుకు 40 పెట్టాలి, వచ్చేది 5. మాస్టర్ డ్యూయల్‌లో అదే అరుదుదనంలో మామూలు ప్రతులు మూడు పగలగొడితే ఒకటి వస్తుంది. అరీనాలో పగలగొట్టడమే లేదు. వైల్డ్‌కార్డు (అదే అరుదుదనంలో కావలసిన కార్డుగా మార్చుకోగలిగేది) ఇచ్చి కార్డు తీసుకుంటారు, ఒకసారి ఇచ్చాక వెనక్కి రాదు.

నా మొదటి నెలలో, నాకు నచ్చని వర్గం కార్డులెందుకని వరసగా అన్నీ పగలగొట్టి, వచ్చిన డస్ట్‌తో మెరిసే లెజెండరీ ఒకటి చేసుకున్నాను. మూడు వారాలకు నాకు నచ్చిన డెక్ ఆ నచ్చని వర్గంలోనే ఉందని తెలిసింది. లెజెండరీ ఇప్పటికీ నా దగ్గరుంది, ఏ డెక్‌లోనూ లేదు. అనుమతించిన సంఖ్యకు మించి ఉన్న ప్రతులను మాత్రమే పగలగొట్టండి.

ఫ్యాన్సీ షాపుల్లో అమ్మే పోకేమాన్ కార్డులు కొంటే ఫోన్ ఆటలో వస్తాయా?

రావు. అసలైన కంపెనీ బూస్టర్ ప్యాకెట్లలో ఉండే కోడ్ కార్డు కూడా పోకేమాన్ టీసీజీ లైవ్ అనే వేరే ఆటలోనే పనిచేస్తుంది, పాకెట్‌లో పనిచేయదు. పది ఇరవై రూపాయలకు బంగారు రంగులో మెరిసే కార్డులు పిల్లలకు సరదాగా ఇవ్వడానికే.

మా అబ్బాయి నా ఫోన్‌లో ఆడుతున్నాడు. తెలియకుండా డబ్బు పోకుండా ఏం చేయాలి?

ప్లే స్టోర్ సెట్టింగ్‌లలో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ గాని వేలిముద్ర గాని అడిగేలా పెట్టే వీలుంది. మొదట ఆ పని చేయండి. ఆ పాస్‌వర్డ్ పిల్లవాడి పుట్టినరోజు కాకుండా చూసుకోండి.

## ఆడి సరిదిద్దుకునేటప్పుడు

నాలుగు ఆటలు వరుసగా ఓడిపోయాను, డెక్ మార్చేయనా?

సగం ఆటలు గెలిచే చక్కటి డెక్‌తో 20 ఆటలు ఆడితే, ఎక్కడో ఒకచోట వరుసగా నాలుగు ఓటములు వచ్చే అవకాశం దాదాపు 48 శాతం. అంటే మీ డెక్‌లో ఏ దోషమూ లేకపోయినా ఇది జరుగుతుంది. 20 ఆటలు అదే డెక్‌తో ఆడి, ఓడినప్పుడల్లా ఒక్క వాక్యం రాసుకోండి.

మద్దిలపాలెం నుంచి వచ్చే ఒక డిగ్రీ విద్యార్థి పికాచు డెక్‌కు ఇంకా బలమైన కార్డు కావాలని పట్టుబట్టాడు. రాసుకున్న చిన్న పుస్తకం అడిగి తీసుకుని చూశాను. "ఓటమి. చేతిలో పోషన్, పోషన్, జియోవాని. బెంచి మీద ఒక్కటే." తరువాతి పేజీలో, "ఓటమి. బెంచి ఖాళీ." మొత్తం 9 ఓటముల్లో 6 చోట్ల మూడో వంతుకు బెంచి మీద ఒకటో సున్నానో ఉంది. డెక్‌లో బేసిక్‌లు 4 మాత్రమే. పోషన్లు రెండూ తీసి మెరుపు రకం బేసిక్‌లు రెండు పెట్టించాను; అతను కోరిన బలం పికాచులో మొదటి నుంచీ ఉంది, దాన్ని లెక్కించే బెంచే నిండలేదు. అతను మాత్రం ఆ రెండు పోషన్లు తీసేటప్పుడు ఇంట్లో మనిషిని రైలెక్కించినట్టు ముఖం పెట్టాడు.

ఏ కార్డు తీసేయాలో ఎలా తెలుస్తుంది?

ఓడిన ఆట చివర చేతిలో మిగిలిపోయిన కార్డుల పేర్లు రాయండి. పది ఓటముల్లో నాలుగైదు సార్లు ఒకే పేరు కనబడితే అదే తీయవలసినది. గెలిచిన ఆట చివర మిగిలినవాటిని పట్టించుకోకండి, గెలుపు చాలా తప్పులను కప్పేస్తుంది. ఒకసారికి ఒకటి, మించితే రెండు కార్డులే మార్చండి. ఆరు మార్చితే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తేలదు.

మొదటి చేతిలో ఏవి ఉంచుకోవాలి, ఏవి తిప్పి పంపాలి?

హార్త్‌స్టోన్‌లో ముందు ఆడేవారికి 3, తరువాత ఆడేవారికి 4 కార్డులు చూపిస్తారు. వాటిలో నచ్చనివి మాత్రమే మార్చుకోవచ్చు. 1, 2 మానా కార్డులు ఉంచుకుని, 5 దాటినవి ఎంత ఇష్టమైనవైనా పంపేయండి, అవి వచ్చే వేళకు వస్తాయి. అరీనాలో మొత్తం చేతినే మార్చాలి, కొత్తగా 7 తీసి, మార్చిన ప్రతిసారికీ ఒక కార్డు డెక్ అడుగున పెట్టాలి. ఏడింటిలో ల్యాండ్లు 2 కంటే తక్కువగా గాని 5 కంటే ఎక్కువగా గాని ఉంటే మార్చడమే మేలు. పాకెట్, స్నాప్, మాస్టర్ డ్యూయల్‌లలో మార్చుకునే వీలు లేదు కాబట్టి అక్కడ మొదటి చేతి బాధ్యత మొత్తం డెక్ కట్టేటప్పుడే మోయాలి.

మెటా అంటే ఏమిటి, నేను పట్టించుకోవాలా?

ప్రస్తుతం ఎక్కువమంది ఆడుతున్న డెక్‌ల సముదాయాన్ని మెటా అంటారు. ర్యాంకు పైకి వెళ్లాలనుకునేవారికి అది ముఖ్యం. మా గోడ మీద ఆడేవారికి ముఖ్యమైనది గోడ మెటా: ఒక వేసవిలో అయిదుగురు నిప్పు డెక్‌లే ఆడుతుంటే, పాకెట్‌లో బలహీనత మీద 20 అదనపు దెబ్బ పడుతుంది కాబట్టి, నీటి డెక్ పట్టుకొచ్చినవారు రెండు వారాలు ఏలారు. మూడో వారం అందరూ మెరుపుకు మారిపోయారు.

కష్టపడి చేసుకున్న కార్డు బలం తగ్గించేశారు. ఇప్పుడెలా?

డిజిటల్ ఆటల్లో కార్డు మీది అక్షరాలు ఎప్పుడైనా మారవచ్చు. హార్త్‌స్టోన్‌లో ఒక కార్డు బలం తగ్గించినప్పుడు కొద్ది రోజులపాటు దాన్ని పగలగొడితే చేయడానికి అయ్యేంత డస్ట్ పూర్తిగా తిరిగి ఇస్తారు. ఆ గడువు దాటనివ్వకండి. హార్త్‌స్టోన్ స్టాండర్డ్ ఫార్మాట్‌లో ఏటా పాత సెట్లు బయటకు వెళ్లిపోతాయి, అయితే వైల్డ్ ఫార్మాట్‌లో అవి ఆడుకోవచ్చు. కొత్తగా కార్డు చేసుకునే ముందు అది ఏ సంవత్సరం సెట్‌దో చూడటం అలవాటు చేసుకోండి.

పక్కపక్కన కూర్చున్న స్నేహితులతోనే ఆడుకోవచ్చా?

ఆడుకోవచ్చు. పాకెట్‌లో ప్రైవేట్ మ్యాచ్‌లో ఇద్దరూ ఒకే పాస్‌వర్డ్ కొడితే జత కుదురుతుంది. హార్త్‌స్టోన్, అరీనాలలో స్నేహితుడికి నేరుగా సవాలు పంపవచ్చు, స్నాప్‌లోనూ స్నేహితుడితో ఆడే వీలుంది. ర్యాంకు పోతుందన్న బెంగ ఉండదు కాబట్టి కొత్త డెక్‌ను పరీక్షించడానికి ఇదే సరైన చోటు. ఆట అయ్యాక ఇద్దరూ ఒకరి డెక్ ఒకరు తీసుకుని మళ్లీ ఆడి చూడండి. మీ డెక్ ఎదురుగా కూర్చున్నప్పుడు దాని లోపాలు రెండు వంతుల్లో బయటపడతాయి. బీచ్ రోడ్డుకు వచ్చేవారు ఎండ వాలిన తరువాత, అయిదున్నర దాటాక రండి, అంతకు ముందు తెర మీద ఏమీ కనబడదు. పవర్ బ్యాంకు తెచ్చుకోవడం మరవకండి.